దకార్గళ విమర్శనము

వరాహమిహిరాచార్యుని బృహత్సంహితయందలి దకార్గళాధ్యాయము గడచిన కొన్ని దశాబ్దులలో నెంత ప్రసిద్ధి గాంచెనో యంత తక్కువగాఁ జదువఁబడినది. బోరుబావి త్రవ్వింపఁబోవు రైతుతో "ఇది శాస్త్రమందున్నది" యని చెప్పువారును, "ఇదియెల్ల మూఢవిశ్వాస"మని త్రోసివేయువారును గ్రంథముపేరు మాత్రమే యెఱిఁగి వాదించుట తఱచు. ఒకరు దానిలో లేనిదానిని దానికి నంటగట్టుచున్నారు. వేఱొకరు దానిలో నున్నదానిని జూడకున్నారు. రాయలసీమలోను దెలంగాణములోను ఒక్క చేనిలో నాలుగైదు బోర్లు వేయించి, అన్నియు నెండఁగా నప్పులపాలైన సంసారములు పెక్కు గలవు. ఇట్టి స్థితిలో నీ యధ్యాయము చెప్పినదేమి, చెప్పనిదేమి యని విచారించుట పండితులు చేయవలసిన పనులలో నొకటి.

బృహత్సంహిత క్రీ. శ. 6వ శతాబ్దినాఁటిది. గ్రంథకర్త తన పంచసిద్ధాంతికయందు గణితమునకు శకము 427, అనఁగా క్రీ. శ. 505, ఆదిగాఁ గైకొనుటచే నాతని కాలము స్థూలముగాఁ దెలియుచున్నది. దకార్గళము పెక్కు ప్రతులలో 54వ యధ్యాయము, శ్లోకములు 125. 'దక' మనునది 'ఉదక' శబ్దమున కాద్యక్షరలోపముచే నేర్పడిన రూపము. 'అర్గళ' మనఁగా గడియ. నీటికి వేసియున్న గడియను దీయు విద్య యని యీ పేరునకు భావము చెప్పుకొనవచ్చును. 'దగార్గళ' మను పాఠాంతరమునను నర్థము మాఱదు. ఆచార్యుఁడు తన గ్రంథమునకు మూలములను దాచలేదు. సారస్వతముని రచించిన దకార్గళమును జూచి దాని నార్యలలోఁ గూర్చితిననియు, మనుప్రోక్తమును వేఱు వృత్తములలోఁ జెప్పెదననియు స్పష్టముగా వ్రాసినాఁడు. ఆరంభమునందలి కొలఁదిశ్లోకములు విడిచినచో, ఆర్యలు ముగిసి యితరవృత్తములు మొదలగుచోటు రెండు ప్రాచీనగ్రంథముల కతుకు. ఆ యతుకును గుఱుతింపక శ్లోకములన్నిటిని నొక్క మతముగా వ్యాఖ్యానించుట సరికాదు.

ఇందలి పద్ధతి తేటయైనది. నీరులేనిచోట వేతసవృక్షము, అనఁగాఁ బ్రబ్బ, కనఁబడినచో దానికిఁ బడమట మూఁడు మూరల దూరమున నొకటిన్నర పురుషముల లోఁతున నీటినాడి పాఱును. త్రవ్వునప్పు డర్ధపురుషమున వెలవెలఁబాఱిన కప్పయు, పిదపఁ బసుపుపచ్చని మన్నును, ఆ పిమ్మట ఱాయియుఁ గనఁబడుట గుఱుతు. నేరేడునకు నుత్తరమున మూఁడు మూరలు తొలఁగిన రెండు పురుషముల లోఁతున, మేడికిఁ బడమట మూఁడు మూరలు తొలఁగిన రెండున్నర పురుషముల లోఁతున నీరు. అర్జునవృక్షమున కుత్తరమునఁ బుట్ట యున్నచోఁ బడమటి ప్రక్కను మూఁడు మూరలు విడిచి మూఁడున్నర పురుషములు త్రవ్వవలెను. ఈ తెఱఁగున చెట్టు, పుట్ట, దిక్కు, దూరము, లోఁతు, నడుమఁ గనఁబడు మన్నుఱాళ్ల వన్నెలు వరుసగాఁ జెప్పఁబడినవి.

ఇక్కడఁ 'బురుష' శబ్దమునుగూర్చి యొకమాట. 10వ శతాబ్దివాఁడగు భట్టోత్పలుఁడు తన వ్యాఖ్యలోఁ బురుషమనఁగాఁ జేతులెత్తి నిలుచున్న మనుష్యునియెత్తనియు, అది 120 అంగుళములనియుఁ జెప్పియున్నాఁడు. ఆ యంగుళము నేఁటి యంగుళము గాదు. ఇరువదినాలుగంగుళము లొక మూర. కావునఁ బురుష మైదు మూరలు, సుమారు ఏడున్నర యడుగులు. దీనిని దెలుఁగున 'నిలువు' అని తేలికగాఁ బెట్టినచోఁ జేతు లెత్తని మనుష్యుని యెత్తు స్ఫురించి, లోఁతు నాలుగింట నొకపాలు తఱిగిపోవును. పదియడుగులు త్రవ్వి నీరు లేదని విడిచినవాని బావి మఱియొక రెండడుగులలో నూరియుండవచ్చును.

ఈ కొలతను బట్టి చూచినచోఁ బై యుదాహరణములలోని లోఁతులు పదునొకం డడుగులు మొదలు ఇరువదియా ఱడుగుల వఱకు మాత్రమే. పెద్దచెట్ల వేళ్లు తేమకై దిగు లోఁతు లివియే. కావున నేరేడు, మేడి, అర్జునము వంటి తేమను గోరు వృక్షములను గుఱుతులుగాఁ గొనుటలో వింత యేమియు లేదు. పుట్టమాట యట్టిదే. చెదలు తేమ లేక బ్రదుకవు. తడిమన్నును లోపలినుండి పైకిఁ దెచ్చి పుట్ట పెట్టును. ఈ యంశమును తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్రము నెఱపిన ఇ. ఏ. వి. ప్రసాదుగారు శ్రద్ధతోఁ బరిశీలించి, వరాహమిహిరుని భూగర్భజలవిద్యపై 1980లో నొక గ్రంథమును బ్రకటించిరి. దకార్గళమును హేళనచేయువా రాగ్రంథమును జదివిన పిమ్మట మాటలాడుట న్యాయము. కాని చెట్టును బుట్టయు మీఁదిపొరలోని తేమకు సాక్షులు. మూఁడువందల యడుగుల క్రింద ఱాతిబీటలో నేమున్నదో వాని నడిగి ప్రయోజనము లేదు.

ఇఁక దీనిలో లేనివి. అఱచేత నిలువఁబెట్టిన టెంకాయ లేచి నిలుచుట, వేపపంగ చేతిలోఁ దిరుగుట మున్నగు పరీక్షలు నేఁడు పల్లెలలో విరివిగా నున్నవి. నీళ్లు చూచువా రీపరీక్షల కన్నిటికి వరాహమిహిరునే ప్రమాణముగాఁ జెప్పుదురు. దకార్గళమునఁ డెంకాయయు లేదు, పంగయు లేదు. మనుష్యునిచేతిలో వస్తువు కదలుటను బట్టి నీరు చెప్పు విధి యీ యధ్యాయమున నొక్కచోటను గానరాదు. ఆచార్యుని గుఱుతులన్నియు నేలమీఁద నెవ్వఁడు చూచినను గనఁబడునవి. తప్పయినచోఁ ద్రవ్వి తప్పని చూపఁదగినవి. వానిని దైవజ్ఞత్వముతోఁ గలుపుట గ్రంథకర్తకు జరిగిన యన్యాయము.

అంతకంటె ముఖ్యమైన విషయము, తన సూత్రముల కాచార్యుఁడే హద్దు గీసియుండుట. మరుదేశమునందలి చిహ్నములతో జాంగలదేశమున నీరు చెప్పఁగూడదనియు, నేరేడు ప్రబ్బ మొదలగువానికిఁ జెప్పిన పురుషసంఖ్య మరుభూమిలో రెట్టింపుగాఁ గొనవలెననియు నతఁడు శాసించెను. మరుభూమియందలి నీటినాడు లొంటెమెడవలె వంగి లోఁతునఁ బోవునని పోలిక చెప్పెను. అట్టిచోటఁ బలాశముతోఁ గూడిన జమ్మికిఁ బడమట నఱువది పురుషములు, అనఁగా నాలుగువందల యేఁబ దడుగులు, త్రవ్వుమన్నాఁడు. దేశమును బట్టి లక్షణము మాఱునని యింత గట్టిగాఁ జెప్పినవాని శ్లోకములను దేశభేదము లేక యన్నిచోట్ల వాడుట వింత. వరాహమిహిరుఁ డవంతివాఁడు. మాళవము నల్లఱాతినేల, నల్లరేగడి. తెలంగాణమునందును, రాయలసీమలోఁ బెద్దభాగమునందును ఉన్నది గ్రానైటుఱాయి. దానిమీఁదఁ గొన్నిగజముల మందమున మురిసిన మొరము. దాని క్రిందఁ గొన్ని బీటలు, పిదప నీరు చొరని బండ. ఆ వన్నెల మన్ను వరుస యీ నేలలో నట్లే యుండవలెనని నియమ మేమున్నది?

వృక్షనామములలో నింకొక చిక్కు గలదు. అర్జునమునకుఁ దెలుఁగున 'మద్ది' యని యర్థము వ్రాసి యూరకుండుట వ్యాఖ్యాతలకు వాడుక. మద్ది యొక్కటి కాదు. ఏఱుమద్ది, తెల్లమద్ది యనఁబడునది వాఁగులయొడ్డున నీటినంటి పెరుఁగును, అదియే యర్జునము. నల్లమద్ది కొండయడవులలో మెట్టనేల నిలుచును. ఈ భేద మెఱుఁగక నల్లమద్దిక్రిందఁ ద్రవ్వించినవానికి శాస్త్రము తప్పెనా, నిఘంటువు తప్పెనా? వేతసమునకు వంజులమని పర్యాయము. వంజులమున కశోకమనియు నర్థము గలదు. పర్యాయమునుండి పర్యాయమునకు గంతులు వేయుచుఁ బోవు టీకలో నీటిప్రబ్బ యశోక మగుటకు రెండడుగులు చాలును. కావ్యమునఁ జెట్టుపేరు తప్పిన రసభంగము, ఇచ్చట నెండినగుంట.

ఇప్పటి కన్నియుఁ జిన్నమాటలు. పెద్దమాట యేమన, దకార్గళము నీ రెచ్చట నున్నదో చెప్పును గాని యెంత యున్నదో చెప్పదు. వావిలియొద్దఁ బుట్ట యున్నచో దక్షిణమున మూఁడు మూరలు విడిచి రెండుంబావు పురుషముల లోఁతునఁ దీయని యెండని నీరు గలదనుట వంటి విశేషణములు కొన్ని లేకపోలేదు. కాని 'ఎండనిది' యనుట కొలత గాదు. ఎన్ని కుండలు తోడిన నెండనిది? ఎన్ని మడులు తడిపిన నెండనిది? ఈ ప్రశ్న గ్రంథమున లేదు. ఏల లేదో తొలిశ్లోకమే చెప్పుచున్నది. ధర్మమును యశస్సును గూర్చు విద్యగా దకార్గళమును జెప్పెదనని యాచార్యుని ప్రతిజ్ఞ. దారిప్రక్కఁ బాంథులకు నూయి త్రవ్వించి పుణ్యము గడించువానికిఁ గావలసినది నీటిజాడ. ఆ నూతిలో దిగునది యొక చేఁద. ఊరంతయుఁ దోడుకొన్నను దెల్లవాఱుసరికి నూయి మరల నూరును. అందులకు లెక్క యక్కఱలేదు.

చేను పండించు బావి వేఱు. అక్కడను బూర్వ మొక లెక్క తనంత నుండెను; అది గ్రంథమునఁ గాక యెద్దులలో నుండెను. మోటబావిలో నెద్దులు వాలున దిగి తోలుబానను బైకిలాగును. వెనుకకు నడిచి మరల దిగును. ప్రొద్దెక్కఁగా వానిని విడువవలెను. విడిచిన పిదప రాత్రియంతయు బావి యూరెడిది. ఏతము తొక్కువాని కాళ్లు నంతే. తోడువాని యలసటయే బావికి రక్షయై యుండెను. మోటారు వచ్చిన పిదప నా యలసట పోయినది. 1970 తరువాతి దశాబ్దులలో బోరుబావులు విరివియై, మోటారు ఱాతిలోనికే దిగెను. 2004లో నాంధ్రప్రదేశమున వ్యవసాయమునకు నుచితవిద్యుత్తు మొదలయ్యెను. 2018 జనవరి 1 నుండి తెలంగాణమున నిరువదినాలుగు గంటలు నిచ్చుట కారంభించిరి. బ్రదుకు బరువైన రైతునకుఁ గలిగిన యీ తోడ్పాటును దోషమనుటకు వీలులేదు. కాని యెద్దులతోఁబాటు లెక్కయుఁ బోయె నన్నది నిజము. నాడి పొలముగట్టు నెఱుఁగదు. పొరుగుచేనిలో లోఁతుబోరు పడఁగా మోటబావు లెండుట నీ ప్రాంతములవా రందఱుఁ జూచినదే. దకార్గళము మోటను గూర్చిగాని, మోటారును గూర్చిగాని, పొరుగువాని బావిని గూర్చిగాని విచారింపలేదు. విచారింపని విషయమున దానిని సాక్షికిఁ బిలుచుట తగదు.

అయినను నాచార్యున కీవిషయము పొత్తుగాఁ దెలియదనరాదు. అధ్యాయారంభమున రెండు మాటలున్నవి. మనుష్యుని యంగములలో నాడులున్నట్లే భూమిలోను మిట్టపల్లములుగా నీటినాడు లున్నవనునది యొకటి. ఆకాశమునుండి పడు నీ రొక్క వన్నె, యొక్క రుచి గలదై, నేలభేదమును బట్టి పలురుచులు పలువన్నెలు పొందుచున్నదనునది రెండవది. మొదటి మాటను నీళ్లు చూచువారు పట్టుకొనిరి, రెండవదానిని విడిచిరి. విడిచినదే మూలము. భూమిలోని నీరు భూమిది కాదు, వానది యని యిక్కడఁ దేటపడుచున్నది. ఈ యెఱుక తెలుఁగుభాషలోను నున్నది. బావి త్రవ్వఁగా నీరు బుగ్గవలెఁ బైకి నుబికినను దెలుఁగువాఁడు "నీరు లేచిన"దనఁడు, "నీళ్లు పడిన"వనును. వాన పడుటకును బావిలో నీరు పడుటకును నొక్కటే క్రియ. ఈ వాడుకకుఁ గారణము వ్యాకర్తలు వేఱువిధముగాఁ జెప్పవచ్చును. కాని శ్లోకమునకు దీనికంటెఁ జక్కని టీక దొరకదు.

న్యాయముగాఁ జెప్పవలెనన్న, గ్రంథములోనే దీనికి నెదురుమాట యొకటి గలదు. ఎనిమిది దిక్కులకు దిక్పాలుర పేళ్ల నాడులు, నడుమఁ దొమ్మిదవదియగు మహానాడి, పాతాళమునుండి నిలువుగాఁ బైకెగయు నాడులు శుభము లని తరువాతి శ్లోకములలో నున్నది. దిక్పాలుర క్రమము కనిచూచి వ్రాసినది గాదు. శాస్త్రమున కందమైన చట్రము. పాతాళప్రస్తావము ననుసరించియే కాఁబోలు, ఎంత లోఁతు పోయిన నంత నీరు, క్రింద 'పాతాళగంగ' యున్నదను నమ్మకము బలిసినది. బోరు మూఁడువందల యడుగులు దిగి యెండినప్పు డింక రెండువందలు దింపుమను సలహాకుఁ బెట్టుబడి యీ నమ్మకమే. గ్రానైటునేలలో లోఁతు పెరిగినకొలఁది బీటలు తఱుగును. రెండు మాటలలో దేనిని బట్టి దేనిని వ్యాఖ్యానింపవలెనన్న, వానమాట చూచి చెప్పినది, పాతాళమాట వినికిచే వచ్చినది యని తేల్చుట యుక్తము.

లెక్క లేని యీ వెలితిని దెలుఁగుదేశపు శాసనమొకటి పూరించుచున్నది. కడపజిల్లా పోరుమామిళ్లలోఁ జెఱువుగట్టున నున్న 1369వ సంవత్సరపు సంస్కృతశాసనమున, బుక్కరాయల కుమారుఁడు భాస్కరుఁడు, నామాంతరమున భవదూరుఁడు, అనంతరాజసాగరమును గట్టించిన కథ యున్నది. దినమునకు వేయిమంది కూలీలును నూఱు బండ్లును బనిచేయఁగా రెండేండ్లు పట్టెనని యందుఁ జెప్పఁబడినది. చెఱువునకుఁ గావలసిన సాధనములు పండ్రెండు చెప్పుచు, వానిలోఁ 'బాథశ్శాస్త్ర' మెఱిఁగిన బ్రాహ్మణుని గూడ లెక్కించిరి. పాథస్సనఁగా నీరు. దోషము లాఱు చెప్పిరి. ఆ యాఱింటిలో నీరు కొంచెమై నేల విస్తారమగుట యొకటి, నేల కొంచెమై నీరు విస్తారమగుట యొకటి. దకార్గళమునందుఁ గానరాని తూనిక యిక్కడ నున్నది. చెఱువు కట్టువాఁ డెంత నీటి కెంత నేల యని యడిగెను. బావి త్రవ్వువాఁ డడుగలేదు. నేఁటి బోరుబావి కొలతలోఁ జెఱువును బోలియుండఁగా, దానికిఁ బెట్టు శాస్త్రము మాత్రము చేఁదనూతిది.

ఆ తూనికకు వలసిన సాధనము బృహత్సంహితయందే మఱియొకచోట నున్నది. 23వ యధ్యాయము ప్రవర్షణము. అందు మూరెఁడు వెడల్పుగల పాత్రను వానలో నుంచి, పడిన నీటిని గొలువుమనియు, ఏఁబది పలము లొక యాఢకమనియు విధి గలదు. కౌటిల్యుని యర్థశాస్త్రమునను వానపాత్ర గలదు గాని, వానను గొలిచిన గ్రంథమే బావిజాడలును జెప్పుట యిక్కడి విశేషము. ఒకే సంపుటమున రెండధ్యాయములును నుండఁగా, లోకము దకార్గళమును మాత్రము చింపుకొని పోయినది. రెంటిని జేర్చి చదివిన నేమి తెలియునో యొక్క లెక్క చాలును. అనంతపురప్రాంతమున సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన. గట్టిఱాతినేలలో నందుఁ బదింట నొక పాలునకు నటునిటుగా భూమిలోని కింకును. అనఁగా 55 మిల్లీమీటర్లు. వరిపైరునకు సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు కావలెను. ఒక యెకరము వరి బోరునీటితోఁ బండింపఁ దలఁచినచో నిరువది యెకరములకు మించిన నేలపై నింకిన వాన దానికే చెల్లవలెను. మడిలో నింకి మరల భూమిఁ జేరు నీటిని దీసివేసినను నీ నిష్పత్తి దారుణమైనదే. పోరుమామిళ్లవారి యైదవ దోషమో యాఱవ దోషమో యన్నది యిదియే.

ఈ లెక్కను రైతులచేతఁ జేయించిన ప్రయత్న మొకటి జరిగినది. రైతుల యాజమాన్యమున భూగర్భజలవ్యవస్థల పేర 2003 ప్రాంతమున మొదలై, పిదప నైక్యరాజ్యసమితివారి యాహారవ్యవసాయసంస్థ తోడ్పాటును బొందిన పథకమున, నాఁటి యాంధ్రప్రదేశపు టేడు కఱవుజిల్లాలలో నాఱువందలకుఁ బైఁబడిన పల్లెలవారు తమ యూరివానను దామే కొలిచిరి. బావులలోని నీటిమట్టమును దామే చూచి వ్రాసిరి. ఆ యేఁటి కున్న నీ రింత, వేయఁదలఁచిన పైరునకుఁ గావలసిన దింత యని యూరిగోడపై లెక్క కట్టిరి. ఎవ్వఁడును నెవ్వని బోరునకుఁ దాళము వేయలేదు. లెక్కను జూచి వరి తగ్గించి యారుతడిపైరులు వేసినవారు గలరు. వారు వాడిన వానపాత్ర ప్రవర్షణాధ్యాయమునందలి పాత్రకుఁ జుట్టమని వారిలో నెవరికిఁ దెలియునో తెలియదు; తెలుపవలసిన పని పండితులది.

కావున దకార్గళమునకుఁ దెలుఁగువ్యాఖ్య వ్రాయఁబూనువా రా యధ్యాయమును వేఱుచేసి ప్రకటింపక, ప్రవర్షణముతోఁ జేర్చి ముద్రింపవలెను. భట్టోత్పలుని పురుషప్రమాణమును నడుగులలోనికి మార్చి ప్రతిశ్లోకము క్రిందను జూపవలెను. సారస్వతభాగమేదో మానవభాగమేదో గీత గీయవలెను. జాంగలమరుభేదమును జెప్పు శ్లోకమును మొదటనే యెత్తి చూపవలెను. చెట్లపేళ్లు నిఘంటువునుండి కాక, యా చెట్టును బేరుపెట్టి పిలుచు పల్లెవారినోట విని వ్రాయవలెను. అర్జునశబ్దమునకు 'మద్ది' యని వ్రాయఁబోవునప్పుడు, వ్యాఖ్యాత యొక్కసారి పుస్తకము మూసి వాఁగుదాఁక నడచి, యొడ్డున నీటిమీఁదికి వంగియున్న యేఱుమద్దిని జూచి వచ్చుట మేలు.